తేలు విషానికి బీపీ మాత్ర: ఆల్ఫా బ్లాకర్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న మాత్ర గురించి.

మీ ఇంట్లో అరవై దాటిన తాతయ్య ఉంటే, ఒకసారి ఆయన మందుల డబ్బా తెరిచి చూడండి. ప్రొస్టేట్ సమస్యకో, బీపీకో వాడే ఒక షీటు దొరికే అవకాశం ఉంది. దాని మీద టామ్సులోసిన్, ప్రాజోసిన్, డోక్సాజోసిన్, టెరాజోసిన్, ఈ నాలుగింట్లో ఏదో ఒక పేరు ఉంటుంది. వీటన్నిటినీ కలిపి ఆల్ఫా బ్లాకర్లు అంటారు. పేరు చివర 'సిన్' ఉన్న ప్రతి మందూ ఇదే అనుకోకండి. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

తాతయ్య రాత్రి పూట వేసుకునే ఈ మాత్రల కుటుంబంలోదే ఒకటి, తేలు కుట్టి చావుబతుకుల మధ్య ఉన్న పిల్లల్ని బతికించింది. ఆ సంగతి తేలింది ఢిల్లీలోనో లండన్‌లోనో కాదండి. మహారాష్ట్రలో, మన జంగారెడ్డిగూడెం లాంటి ఒక తాలూకా ఊళ్ళో తేలింది. ఎలా తేలింది, ఆ మాత్ర లోపల ఏం చేస్తుంది, దాన్ని జాగ్రత్తగా వాడడం ఎలా, ఈ మూడూ ఇవాళ చెప్పుకుందాం. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసినవాడిని. మోతాదు ఎంత, ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.

మెట్ట ప్రాంతం, రెండు రకాల తేళ్ళు

డెల్టా వైపు వాళ్ళకి పాముల భయం ఎక్కువ. మనది మెట్ట. ఎర్ర నేల, రాళ్ళు, జీడిమామిడి తోటలు, ఆయిల్ పామ్, పొగాకు. పొగాకు బ్యారన్ పక్కన పేర్చిన పుల్లల గుట్టలో చెయ్యి పెట్టేముందు మన పెద్దవాళ్ళు ఎందుకు ఒకసారి కర్రతో కొట్టి చూస్తారో తెలుసు కదా. పైన బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీ వైపు వెళ్తే తాటాకిళ్ళు, చీకట్లో నడక, చెప్పుల్లేని కాళ్ళు. తేలు కుట్టడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి.

తెలుగులో తేళ్ళకి ఉన్న పేర్లు గమనించండి. పెద్దగా, నల్లగా ఉండేదాన్ని మండ్రగబ్బ అంటాం. చూస్తే గుండె జారిపోతుంది. కానీ అది కుడితే నొప్పి తప్ప ప్రాణం పోవడం చాలా అరుదు. ప్రమాదం ఎర్ర తేలుతో. చిన్నది, సన్నది, చూడ్డానికి ఏమంత భయం పుట్టించదు. మన దేశంలో తేలు కాటు చావుల వెనక ముఖ్యంగా ఉన్నది ఈ ఎర్ర తేలే. మహారాష్ట్ర కొంకణం, కర్ణాటక, తమిళనాడు, మన ఆంధ్రలో రాయలసీమ లాంటి చోట్ల నుంచి వచ్చిన డాక్టర్ల రిపోర్టుల్లో దీని పేరే కనిపిస్తుంది.

కర్నూలు జిల్లా కోడుమూరు దగ్గర కొండలరాయుడి కొండ ఉంది. శ్రావణ మాసం మూడో సోమవారం జనం ఆ కొండెక్కి, రాళ్ళ కింద తేళ్ళు పట్టి స్వామికి సమర్పిస్తారు. టీవీల్లో మీరూ చూసే ఉంటారు. ఆ ఆచారం సంగతి పక్కన పెట్టండి. ఒక కొండ మీద ఒక్క రోజులో అన్ని తేళ్ళు దొరుకుతున్నాయంటే, ఆ నేలకీ వాటికీ ఎంత స్నేహమో అర్థమవుతుంది.

మరి తేలు మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది? దీనికి సూటి జవాబు ఉంది. తేలు కుట్టిన వాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది నొప్పి ఒక్కటే. ఆ నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ గంటల్లో మంత్రం వేసినా, చింతగింజ అరగదీసి అంటించినా, ఏమీ చెయ్యకుండా కూర్చున్నా తగ్గుతుంది. క్రెడిట్ మాత్రం పక్కన ఉన్నవాడికి పోతుంది. అసలు గొడవ ఆ మిగిలిన కొద్దిమందితో. వాళ్ళలో ఎక్కువ మంది పిల్లలు. వాళ్ళకి మంత్రం దగ్గర గడిచిన ప్రతి గంటా ఖరీదైనదే.

ఒంట్లో ఏం జరుగుతుంది

తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని మనకో సామెత. ఎర్ర తేలు విషం ఒంట్లో చేసేది అచ్చం అదే. కుట్టేది ఒక్కసారి, కానీ దాని పెత్తనం గంటల తరబడి సాగుతుంది.

మన నరాల మీద సోడియం ద్వారాలు ఉంటాయి. సిగ్నల్ వెళ్ళినప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకుంటాయి. తేలు విషం వాటిని టైముకి మూసుకోనివ్వదు. దాంతో నరం ఆగకుండా సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. కోడింగ్ తెలిసిన వాళ్ళు దీన్ని బయటికి రాలేని లూప్ అనుకోవచ్చు. ఆ సిగ్నళ్ళ వల్ల అడ్రినలిన్, నార్అడ్రినలిన్ అనే రసాయనాలు వరదలా రక్తంలోకి వచ్చి పడతాయి. కుక్క వెంటపడినప్పుడు మీకు గుండె దడదడలాడుతుంది కదా, ఆ పని చేసేవి ఇవే. కుక్క పోతే అవీ తగ్గుతాయి. తేలు విషంతో అవి తగ్గవు.

ఇప్పుడు ఆల్ఫా అంటే ఏంటో చూద్దాం. దానికోసం వంద ఏళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

1906లో హెన్రీ డేల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎర్గాట్ అనే బూజు మీద పనిచేస్తున్నాడు. అది రై అనే ధాన్యం కంకులకి పడుతుంది. మన సజ్జ పైరుకి వచ్చే తేనెబంక తెగులు కూడా ఆ కుటుంబం బూజే. అడ్రినలిన్ ఇస్తే జంతువు బీపీ పెరగాలి. ముందుగా ఎర్గాట్ సారం ఇచ్చి, ఆ తర్వాత అడ్రినలిన్ ఇస్తే మాత్రం బీపీ పెరగడం మానేసి తగ్గింది. అంటే అడ్రినలిన్ ఒంట్లో రెండు రకాల పనులు చేస్తోంది, ఎర్గాట్ అందులో ఒకదాన్నే ఆపుతోంది. ఆ రెండు పనులూ ఏంటో తేలడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1948లో అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మెడికల్ కాలేజీలో పనిచేసే రేమండ్ అల్‌క్విస్ట్ దీనికి జవాబు చెప్పాడు. అడ్రినలిన్ ఒక్కటే, కానీ దాన్ని అందుకునే తాళాలు రెండు రకాలు. ఒకదానికి ఆల్ఫా అని, రెండోదానికి బీటా అని పేరు పెట్టాడు. ఒక జర్నల్ ఆ పేపర్‌ని తిప్పి పంపింది. ఇంకో జర్నల్‌లో అచ్చయింది. అచ్చయ్యాక కూడా చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత జేమ్స్ బ్లాక్ బీటా తాళాన్ని మూసే మందు, ప్రొప్రనలాల్, తయారుచేశాడు. 1988లో ఆయనకి నోబెల్ వచ్చింది.

సింపుల్‌గా ఇలా గుర్తుపెట్టుకోండి. బీటా ఎక్కువగా గుండెది, దాన్ని నొక్కితే గుండె వేగం పెరుగుతుంది. ఆల్ఫా ఎక్కువగా రక్తనాళాల గోడలది, దాన్ని నొక్కితే నాళం బిగుసుకుంటుంది. ఇదే ఆల్ఫా ప్రొస్టేట్‌లోనూ, మూత్రసంచి మూతి దగ్గరా కూడా ఉంటుంది. అక్కడ బిగుసుకుంటే మూత్రం ధార సన్నబడుతుంది. తేలు కథకీ తాతయ్య మాత్రకీ లింకు అక్కడే ఉంది.

తేలు విషం పుట్టించిన అడ్రినలిన్ వరద ఆల్ఫా తాళాల మీద పడితే ఒంట్లో నాళాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. బీపీ ఎగిరిపోతుంది. పొలానికి నీళ్ళు పెట్టే పైపు చివర ఎవరో కాలితో తొక్కిపెట్టారనుకోండి, మోటారు మీద ఎంత లోడు పడుతుందో ఆలోచించండి. ఇక్కడ మోటారు గుండె. అది నెట్టలేక నెట్టలేక నీరసపడుతుంది. నెట్టలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దగ్గితే గులాబీ రంగు నురగ వస్తుంది. పిల్లలు చనిపోయేది ఇలాగే.

మహాడ్‌లో ఒక డాక్టర్

మహారాష్ట్ర రాయగడ్ జిల్లాలో మహాడ్ అనే ఊరుంది. 1927లో అంబేద్కర్ గారు చవదార్ చెరువు నీళ్ళ కోసం సత్యాగ్రహం చేసిన ఊరు అదే. 1976లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే కుర్ర డాక్టర్ ఆ పక్కనే బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగంలో చేరాడు. పల్లెటూరి కుటుంబంలో పుట్టి, నాగపూర్‌లో ఎంబీబీఎస్ చదివినాయన.

అక్కడ ఆయన ముందుకి తేలు కుట్టిన వాళ్ళు వరసగా వస్తూనే ఉన్నారు. వచ్చిన వాళ్ళలో కొందరు ఆయన కళ్ళముందే పోతున్నారు. పుస్తకాల్లో తేలు కాటు గురించి ఉన్నది తక్కువ. నొప్పికి ఇంజెక్షన్, అలర్జీకి మందు, స్టెరాయిడ్, చెమటలు ఆపడానికి అట్రోపిన్, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు ఇస్తున్నారు. ఇవేవీ చావుల్ని ఆపలేదు. పైగా అట్రోపిన్ లాంటివి అప్పటికే పరుగెడుతున్న గుండెని ఇంకా పరుగెత్తించేవి.

బావస్కర్ మొదట చేసిన పని కొత్త మందు వెతకడం కాదు. మంచం పక్కన కూర్చుని చూసి రాసుకోవడం. కుట్టి ఎంతసేపయింది, వాంతి ఎప్పుడయింది, చెమట ఎప్పుడు పట్టింది, చేతులు ఎప్పుడు చల్లబడ్డాయి, నాడి ఎలా ఉంది, ఎవరు బతికారు, ఎవరు పోయారు. మా భాషలో చెప్పాలంటే లాగ్స్ తీశారు. సిస్టమ్ క్రాష్ అయిన తర్వాత అందరూ కారణం ఊహిస్తారు. క్రాష్‌కి ముందు గంటలో ఏం జరిగిందో చూసేవాళ్ళు తక్కువ.

ఆ లాగ్స్‌లో ఒక వరస కనిపించింది. వాంతులు, ఒళ్ళంతా ధారగా చెమట, నోట్లో ఊరే లాలాజలం, చల్లటి చేతులూ కాళ్ళూ, మగపిల్లల్లో అంగం గట్టిపడి ఉండిపోవడం. ఈ గుర్తులు ముందు వస్తున్నాయి, గుండె దెబ్బతినడం ఆ తర్వాత జరుగుతోంది. అంటే ప్రమాదాన్ని ముందే పట్టుకోవడానికి ఒక కిటికీ ఉంది. 1982లో ఈ సంగతి లాన్సెట్‌లో అచ్చయింది. ప్రపంచంలో పేరున్న వైద్య పత్రికల్లో అదొకటి. అందులో ఒక తాలూకా ఊరి డాక్టర్ పేరు.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి, రేపు మీకే పనికొస్తుంది. నొప్పి ఎంత ఉంది అన్నది ప్రమాదానికి కొలత కాదు. నొప్పితో గిలగిలలాడుతున్నా చేతులు వెచ్చగా, ఒళ్ళు పొడిగా ఉంటే చాలావరకు ఫరవాలేదు. ఏడుపు తగ్గి, చెమటతో తడిసి, చేతులు చల్లబడిన పిల్లాడే అసలు ప్రమాదంలో ఉన్నాడు. మంత్రం వేసేవాళ్ళు అడిగేది 'నొప్పి దిగిందా' అని. అడగాల్సింది 'చేతులు వెచ్చగా ఉన్నాయా' అని.

సరే, కారణం బిగుసుకున్న నాళాలు అయితే, వాటిని వదులుచేసే మందు కావాలి. మొదట నైట్రోప్రస్సైడ్ వాడి చూశారు. పనిచేసింది. కానీ అది నరంలోకి చుక్కచుక్కగా ఎక్కించాల్సిన మందు. బీపీని క్షణక్షణం చూస్తూ ఉండాలి. మందు కొంచెం ఎక్కువ పోతే బీపీ పడిపోతుంది. రాత్రి పన్నెండింటికి కరెంటు లేని చోట, ఒక్క డాక్టరూ ఒక్క నర్సూ ఉన్న చోట, అది అయ్యే పనా? నోటితో మింగించే మందు కావాలి. చవగ్గా ఉండాలి. ఏ మందుల షాపులో అయినా దొరకాలి.

అది అప్పటికే షాపులో ఉంది. పేరు ప్రాజోసిన్.

ప్రాజోసిన్ ఫైజర్ కంపెనీ తెచ్చిన మందు. 1970ల్లో బీపీ మాత్రగా మార్కెట్‌లోకి వచ్చింది. ఆల్ఫా తాళాల్లో ఆల్ఫా-1 అనే రకంలో కూర్చుని, అడ్రినలిన్‌ని లోపలికి రానివ్వదు. వరద ఆగదు, కానీ వరద కొట్టే తలుపు మూసుకుంటుంది. నాళం వదులవుతుంది, గుండె మీద లోడు తగ్గుతుంది. బావస్కర్, ఆయన భార్య డాక్టర్ ప్రమోదినీ బావస్కర్ ఈ మాత్రని తేలు కాటు రోగులకి వాడారు. 1986లో ఆ ఫలితాలు మళ్ళీ లాన్సెట్‌లోనే వచ్చాయి.

ప్రాజోసిన్ రాకముందు, విషం గట్టిగా ఎక్కి ఆసుపత్రికి వచ్చిన వాళ్ళలో నూటికి 30 నుంచి 40 మంది దాకా చనిపోయేవారు. వచ్చిన తర్వాత అది నూటికి ఒకరి దగ్గరికి దిగింది. ఒక చిన్న మాత్రతో వచ్చిన తేడా ఇది. మందు ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి పెద్ద మిషన్ కూడా అక్కర్లేదు. పిల్లాడి చేతులూ కాళ్ళూ మళ్ళీ వెచ్చబడ్డాయా అని ముట్టుకుని చూస్తారు. వెచ్చబడేదాకా కొన్ని గంటలకోసారి మందు ఇస్తారు.

తర్వాత తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్, అంటే యాంటీవెనమ్, కూడా మన దేశంలోనే తయారైంది. 2011లో బావస్కర్ దంపతులు మహాడ్‌లో 70 మంది రోగులతో చేసిన పరీక్ష బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మందికి ప్రాజోసిన్ ఒక్కటే, సగం మందికి ప్రాజోసిన్‌తో పాటు యాంటీవెనమ్. పది గంటలు గడిచేసరికి రెండూ ఇచ్చిన వాళ్ళలో 91 శాతం మందికి లక్షణాలన్నీ పోయాయి. ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చిన వాళ్ళలో అది 23 శాతం. తన పేరు నిలబెట్టిన మందు ఒక్కటే చాలదని చెప్పిన పరీక్షని ఆయనే చేసి, ఆయనే అచ్చువేయించారు. దీన్ని గమనించండి. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

అదే మాత్రకి ఉన్న రెండో ముఖం

ఇప్పుడు కథలో ఇంకో మలుపు. తేలు కాటులో ఇంత మేలు చేసిన మాత్ర, ఏ బీపీ కోసం పుట్టిందో అక్కడ మాత్రం వెనకబడింది.

మార్కెట్‌లోకి వచ్చిన కొత్తలోనే ఒక ఇబ్బంది బయటపడింది. మొదటి మాత్ర వేసుకున్న కొందరు ఒకటి రెండు గంటల్లో లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయారు. కారణం సులువే. మనం మంచం మీంచి లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి జారుతుంది. వెంటనే ఆల్ఫా తాళాలు పనిచేసి కాళ్ళ నాళాల్ని బిగించి, రక్తాన్ని తలకి పంపుతాయి. ఈ పని రోజుకి వంద సార్లు మనకి తెలీకుండానే జరుగుతుంది. ఆల్ఫా బ్లాకర్ ఆ బిగింపునే ఆపుతుంది. ఒళ్ళు అలవాటుపడే లోపు, అంటే మొదటి మోతాదుతోనో, మోతాదు పెంచినప్పుడో, ప్రమాదం ఎక్కువ. అందుకే తక్కువ మోతాదుతో, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టమంటారు.

ఇంకో దెబ్బ 2000లో తగిలింది. అమెరికాలో 40 వేల పైచిలుకు మందితో ఆల్‌హాట్ అనే పెద్ద పరీక్ష జరిగింది. నాలుగు రకాల బీపీ మందుల్ని పోల్చారు. అందులో డోక్సాజోసిన్ వాడిన వాళ్ళలో గుండె నీరసం, అంటే హార్ట్ ఫెయిల్యూర్, పాతకాలపు మూత్రం మాత్ర వాడిన వాళ్ళకంటే దాదాపు రెండింతలు కనిపించింది. ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి మామూలు బీపీకి మొదటి మందుగా ఆల్ఫా బ్లాకర్‌ని ఎంచుకోవడం తగ్గిపోయింది.

మరి తాతయ్య డబ్బాలోకి ఎలా వచ్చింది? ప్రొస్టేట్ దారిలో వచ్చింది. ప్రొస్టేట్ కండని వదులుచేస్తే మూత్రం సాఫీగా వస్తుంది కదా. రక్తనాళాల మీద తక్కువగా, ప్రొస్టేట్ మీద ఎక్కువగా పనిచేసే ఆల్ఫా బ్లాకర్ కోసం వెతికితే టామ్సులోసిన్ దొరికింది. 1990ల నుంచి వాడుకలో ఉంది. బీపీ పడిపోవడం దీనితో తక్కువ, కానీ అసలు లేదని కాదు.

తేలు కుడితే

ఇక చేయాల్సిన పనులకి వద్దాం. ముందు తేలు సంగతి.

పెద్దవాళ్ళైతే కంగారు పడకుండా గమనించండి. పిల్లలైతే గమనిస్తూ కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాంతి, విపరీతమైన చెమట, చల్లటి చేతులు, ఆయాసం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వయసుతో పని లేదు, 108కి ఫోన్ చెయ్యండి. 2005 నుంచి మన రాష్ట్రంలో ఉన్న సర్వీసు అది, దాన్ని వాడుకోవడానికి మొహమాటం ఎందుకు. గాయాన్ని కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. అమ్మమ్మ చింతగింజ అంటిస్తానంటే ఆవిడతో వాదన పెట్టుకోకండి, బండి మీద వెళ్తూ అంటించమనండి. టైం పోకూడదు, అంతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ వీడియో చూసి 'మా తాతయ్య దగ్గర ప్రాజోసిన్ ఉంది, అది ఇచ్చేద్దాం' అనుకోకండి. లెక్క చూడండి. తేలు కాటులో పిల్లలకి ఇచ్చే మోతాదు కిలో బరువుకి 30 మైక్రోగ్రాములు. పది కిలోల పాపకి 300 మైక్రోగ్రాములు, అంటే 0.3 మిల్లీగ్రాములు. తాతయ్య దగ్గర ఉండే నెమ్మదిగా కరిగే మాత్ర సాధారణంగా 2.5 లేదా 5 మిల్లీగ్రాములు. చిన్నదే అనుకున్నా, పాపకి కావలసినదానికి ఎనిమిది రెట్లు. దాన్ని నలిపి ఇస్తే నెమ్మదిగా కరగాల్సింది ఒక్కసారే కరిగిపోతుంది. బీపీ పడిపోయి, తేలు చెయ్యని నష్టం మాత్ర చేస్తుంది. టామ్సులోసిన్ అయితే ఇక్కడ అసలు పనికొచ్చే మందే కాదు.

ఆసుపత్రిలో కూడా ప్రాజోసిన్ ఇచ్చాక కనీసం మూడు గంటలు పిల్లాడిని పడుకోబెట్టే ఉంచుతారు. ఏడుస్తున్నాడని భుజాన వేసుకుని తిప్పడం మనకి అలవాటు. ఆ కాసేపు మాత్రం వద్దు. నిలువుగా ఎత్తుకుంటే రక్తం కాళ్ళలోకి జారుతుంది. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకోండి. వెచ్చబడుతోందో లేదో మీకే ముందు తెలుస్తుంది.

ఒక సరదా సంగతి కూడా చెప్తాను. నోట్లు అసలువో నకిలీవో చూసే అతినీల కాంతి టార్చ్ ఉంటుంది కదా, చీకట్లో దాని వెలుగు పడితే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. పుల్లల దొడ్డి దగ్గర, గోడ పగుళ్ళలో వెతకడానికి పనికొస్తుంది. బూట్లు దులిపి వేసుకోవడం మాత్రం టార్చ్ ఉన్నా మానకండి.

తాతయ్య డబ్బా ముందు కూర్చుని

ఇప్పుడు పెద్దవాళ్ళ సంగతి. ఇవి మీరు విని, వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పాల్సినవి.

ఒకటి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడొద్దు. మంచం మీద కాళ్ళు కిందకి పెట్టి ఒక నిమిషం కూర్చుని, ఏదో ఒకటి పట్టుకుని లేవాలి. ప్రొస్టేట్ ఉన్నవాళ్ళు రాత్రి పూట రెండు మూడు సార్లు లేస్తారు, చీకటి, బాత్రూమ్‌లో తడి, అప్పుడే వేసుకున్న మాత్ర. తుంటి ఎముక విరిగేది ఇలాంటి చోటే. మంచం దగ్గర ఒక చిన్న లైటు పెట్టించండి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోవాలి, లేదా పడుకోవాలి.

రెండు. కొన్ని రోజులు మాత్ర మానేసి, మళ్ళీ పాత మోతాదుతో మొదలుపెట్టొద్దు. ఒళ్ళు అలవాటు మర్చిపోతుంది. మళ్ళీ మొదటి మాత్ర లెక్కే. డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. టామ్సులోసిన్‌ని రోజూ ఒకే పూట, భోజనం అయ్యాక వేసుకోమంటారు. క్యాప్సూల్‌ని నమలకూడదు, విప్పి పొడి కలపకూడదు.

మూడు. శృంగార సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు కూడా నాళాల్ని వదులుచేస్తాయి. రెండూ కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు. ఇది ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం, అందుకే ఇక్కడ చెప్తున్నాను. సిగ్గుపడి షాపులో చాటుగా కొనుక్కునే బదులు డాక్టర్‌కి చెప్తే, రెండింటినీ ఎలా సర్దాలో ఆయన చూస్తారు. మిగతా బీపీ మందులూ, మద్యమూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నాలుగు. శుక్లాల ఆపరేషన్. 2005లో అమెరికాలో డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు కంటి డాక్టర్లు ఒక విషయం గమనించారు. టామ్సులోసిన్ వాడేవాళ్ళకి ఆపరేషన్ చేస్తుంటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొర మెత్తబడి, గాలికి తెరలా ఊగుతోంది. ఆ పొర కండరంలోనూ ఆల్ఫా తాళాలు ఉన్నాయి మరి. ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటు చేసుకుంటారు. మాత్ర ఆపేసినా ఆ మెత్తదనం పోతుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కి చెప్పాలి. కంటి క్యాంపుకి వెళ్ళే తాతయ్య జేబులో ఆ మందుల చీటీ పెట్టి పంపండి.

అయిదు. జలుబు మాత్రలు. చాలా జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది ఆల్ఫా తాళాన్ని నొక్కే మందు. ముక్కులో నాళాల్ని బిగించి ముక్కు దిబ్బడ తగ్గించాలని దాన్ని కలుపుతారు. అదే పని ప్రొస్టేట్ దగ్గర కూడా చేస్తే? ఒక పక్క వదులుచేసే మాత్ర, ఇంకో పక్క బిగించే మాత్ర. ప్రొస్టేట్ ఉన్న పెద్దవాళ్ళకి అలాంటి మాత్రతో మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆయనకి జలుబు చేస్తే షాపులో అడిగి తెచ్చేది సాధారణంగా మీరే. 'ప్రొస్టేట్ ఉందండీ' అని ఒక్క మాట చెప్పి తీసుకోండి.

చివరగా

ఈ కథలో కొత్త మాలిక్యూల్ ఎవరూ కనిపెట్టలేదు. ప్రాజోసిన్ షాపులో ఉంది, అల్‌క్విస్ట్ పేపర్ లైబ్రరీలో ఉంది, తేలు కుట్టిన పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఈ మూడూ ఒక్కచోట కలవడానికి, చచ్చిపోతున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని 'ఇది ఎందుకు చల్లగా ఉంది' అని అడిగిన మనిషి కావలసి వచ్చింది. అలా అడగడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మంచం పక్కన కూర్చునే ఓపిక కావాలి.

రాత్రి భోజనాల తర్వాత తాతయ్య దగ్గర కూర్చుని ఆ డబ్బాలో ఏ మాత్ర ఎందుకో ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి. అలాగే మన మెట్టలో, ఏజెన్సీలో మీకు తెలిసిన వాళ్ళకి ఈ ఒక్క మాట చేరవెయ్యండి: చెమట పట్టి చేతులు చల్లబడితే మంత్రం దగ్గర ఆగొద్దు, బండి ఎక్కించండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.